తొట్టి పులస

ఆరుద్ర కార్తె, సోమవారం

తిన్నవి: చప్పటి అన్నం, గంజి. సాయంత్రం మళ్ళీ గంజి. నాలుక: శుభ్రం. మనిషి: చిరాకు.

సంస్థలో రుచి చూసే ఉద్యోగులం ఏం తిన్నామో, నాలుక ఎలా ఉందో రోజూ ఈ చిట్టాలో రాయాలి. మిగతావాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నా నోటికి ఎలాగూ పని లేదు కనక చేతికి చెబుతాను. పరీక్ష దగ్గరపడితే మాకు ఉప్పూ కారం బంద్. ఆవకాయ జాడీ ఉన్న గదిలో పడుకున్నా చాలు, పొద్దున్న గేటు దగ్గర యంత్రపు ముక్కు పసిగట్టి ఎర్రలైటు వేస్తుంది. అది లోపలున్న ప్రతి చేపనీ, రొయ్యనీ, పండునీ వాసన చూసి పేరు చెప్పగలదు. మన వంట్లో వాసనకి మాత్రం మర్యాద లేకుండా కూత పెడుతుంది.

ఈ చిట్టా ఎవరు చదువుతారో చెప్పరు. చదువుతున్నారని మాత్రం నాకు తెలుసు. చదివే మహానుభావుడికి నమస్కారం. నా పేరు ఓలేటి నూకరత్నం. అసలు పులస తిన్న నోళ్ళు ఈ సంస్థలో రెండే మిగిలాయి. ఒకటి నాది. రెండోది వీర్రాఘవులు తాతది. తాతకి ఈమధ్య గంజీ పాయసమూ ఒకటే అయిపోయాయి, ఏది పెట్టినా "బెమ్మాండంగా ఉందమ్మా" అంటాడు.

మన సంస్థ తోటలకీ, సముద్రపు పంటకీ, తిండి కంపెనీలకీ దన్ను. టెంక లేని మామిడి మనదే. ముల్లు లేని పండుగప్ప చేప మనదే. ఇప్పుడు తొట్లో పులస. ఇలస సముద్రంలోంచి గోదావరి ఎర్రనీటికి ఎదురీది వస్తే పులస అవుతుందని మా అమ్మ చెప్పేది. పుస్తెలమ్ముకునైనా తినమన్నారు ఆ కాలంలో. ఇప్పుడు అమ్ముకోవడానికి పుస్తెలున్నా కొనడానికి చేప లేదు. ఆనకట్ట పైన నీళ్ళు నగరాల సొరంగంలోకి పోతాయి. చేపదారి చట్టం ఒకటుంది కాబట్టి వరద నెలల్లో తలుపులెత్తుతారు, పులస వస్తే రానీ అని. ఆ రెండు మూడు నెలల తియ్యనీటి మీదే కింద లంకలన్నీ ఏడాది పొడుగునా బతుకుతాయి.

అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. పదేళ్ళపాటు నదిలో పులస ఎవరికీ కనపడకపోయి, సంస్థ పెంచిన పులస అసలుదానికి సమానమని మా రెండు నోళ్ళూ ఒప్పుకుంటే, తలుపులు శాశ్వతంగా మూసెయ్యొచ్చు. ఆనకట్ట కింద ఎవర్నీ వల వెయ్యనివ్వరు కాబట్టి కనపడే ప్రశ్నే లేదు. ఈ కార్తెలతో పదేళ్ళూ నిండుతాయి. తీర్పు వచ్చేదాకా ఆగుదామని ఈ ఏడు తలుపులు ఇంకా ఎత్తలేదు కూడా.

మూడేళ్ళుగా నేను కాదంటున్నాను. కొత్తపాయలంకలో నా చెల్లెలు భవాని అరటితోట ఉంది. ఈ సంగతి రాయకపోయినా చదివేవాళ్ళకి తెలుసు, అందుకే నేనే రాస్తున్నాను.

ఆరుద్ర కార్తె, గురువారం

డైరెక్టర్ హైమవతిగారు పిలిపించారు. ఆవిడది కడప. చేప వాసన అంటే ఇప్పటికీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటారు. కానీ ఫైలు చదివితే కామా కూడా వదలరు.

"రత్నమ్మా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. తలుపులు మూస్తే మీ చెల్లెలి తోట పోతాది కదా?"

"పోతుందండి."

"మరి మూడేండ్లుగా చేప బాగలేదంటాండేది మీ నాలుకా, మీ చెల్లెలా?"

"నాలుకేనండి. చెల్లెలికి ఇక్కడ ఉద్యోగం లేదు."

నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ మాట నాకు గట్టిగా గుచ్చుకుంది, ఎందుకంటే ఆ అనుమానం నాకూ ఉంది. ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు భవాని మొహం కనపడట్లేదని ఒట్టేసి చెప్పలేను. అందుకే ప్రతిసారీ మూడుసార్లు రుచి చూస్తాను, ఒకసారి నాకోసం, ఒకసారి భవాని కోసం, ఒకసారి ఎవరికోసమూ కాకుండా. మూడుసార్లూ తొట్టి చేప తొట్టి చేపలాగే ఉంటుంది. కొవ్వుంటుంది, మెత్తదనం ఉంటుంది. ఉతికి ఆరేసిన బట్టలా ఉంటుంది.

బయటికి రాగానే కామేశం ఎదురయ్యాడు. తొట్ల విభాగం అతనిదే. పెళ్ళికి ముందు మొదలుపెట్టాడు ఈ పని, ఇప్పుడు కూతురు కాలేజీలో ఉంది. డైరెక్టర్ గది బయట అతనికేం పని? నా మాటలు వింటున్నాడా అని అనుమానం వేసింది. అతను మాత్రం, "రండి రత్నంగారూ, ఈసారి పెంచిన చేపల వరస చూద్దురుగాని," అని చెయ్యి పట్టుకున్నంత పని చేసి తొట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు.

గుండ్రటి తొట్లు. మోటార్లు నీళ్ళని తిప్పుతూ ఉంటే, చేపలు ఎదురీదుతూ ఉన్నచోటే ఉంటాయి. నీళ్ళకి ఎర్రమట్టి రంగు కూడా కలిపారు.

"ఇవి ఈదీ ఈదీ ఎక్కడికెళ్తాయయ్యా?" అన్నాను.

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదండి. గుడ్లు పెట్టే బెడద లేకుండా చేశాం కదా. కడుపులో జన, అదే గుడ్ల సంచి, అనేదే ఉండదు. ఒంట్లో బలమంతా కండకే పోతుంది. ఈసారి మీరు తల అడ్డంగా ఊపరండి, రాసుకోండి."

రాసుకున్నాను. అంత ధీమా ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం అంతుపట్టలేదు. మూడేళ్ళు తప్పినవాడికి నాలుగో ఏడు భయం ఉండాలి.

పునర్వసు కార్తె, మంగళవారం

పరీక్ష రోజు. మూతపెట్టిన పింగాణీ గిన్నెలు, వాటిమీద అంకెలు. ఉప్పు కూడా వెయ్యకుండా ఆవిరి మీద ఉడికించిన ముక్క. ఒక్కో గిన్నెకీ మధ్య గంజితో పుక్కిలింత.

మొదటిది సముద్రపు ఇలస, పోలిక కోసం. సరే.

రెండో గిన్నె మూత తీశాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఏం రాయాలో తెలియట్లేదు. అది పులస. వెన్నలా కరిగే కొవ్వు, దాని వెనకాల చిన్న తీపి, ఆ తీపి వెనకాల వరద నీటి మట్టివాసన. అమ్మ కుండలో బెండకాయలు వేసి పులుసు పెట్టి, "ఇవాళ ముట్టుకున్నారో చేతులు విరిచేస్తాను, రేపటికి గాని రుచి తేలదు," అని మూత మీద రాయి పెట్టేది. నేనూ భవానీ ఆ రాయి చుట్టూ తిరిగేవాళ్ళం. అదంతా ఉప్పు లేని ఒక్క ముక్కలో వచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో చేరాక పరీక్షబల్ల దగ్గర ఏడవడం ఇదే మొదలు. మూడుసార్లు తిన్నాను. భవాని కోసం తిన్నప్పుడు కూడా అది పులసే.

వీర్రాఘవులు తాత కళ్ళు మూసుకుని, "ఇన్నాళ్ళూ నేను అబద్ధాలాడేనమ్మా," అన్నాడు. అంతే, బెమ్మాండం అనలేదు.

తీర్పు ఇవాళ చెప్పకూడదు. నాలుక వేడి తగ్గాలని మా పద్ధతి. శుక్రవారం సభలో చెప్పి సంతకం పెట్టాలి.

పరీక్ష అయిపోయింది కాబట్టి ఉప్పూకారాలకి విడుదల. మధ్యాహ్నం కాంటీనులో గనిరాజు మా ఇద్దరికీ విస్తరి వేసి వడ్డించాడు. వంటవాళ్ళని తగ్గించాక పరీక్ష వంటా, కాంటీను వంటా రెండూ అతనివే.

తిన్నవి: పరీక్ష ముక్కలు. అన్నం, పప్పుచారు, గోంగూర, చేప జన వేపుడు (రెండుసార్లు వడ్డించుకున్నాను, చాలా బాగుంది). నాలుక: నాకే నమ్మకం లేదు.

పునర్వసు కార్తె, బుధవారం

నిద్రపట్టలేదు. పట్టకపోతే అనుమానాలు పుడతాయి, నాకు అసలే సంతానం ఎక్కువ.

మొదట నా నాలుకని అనుమానించాను. తర్వాత గంజిని. పుక్కిలింత గంజిలో ఏదైనా కలిపి నాకు పాత రుచి తెప్పించారా? సంస్థలో వాసనల గది ఉంది, వాళ్ళు చింతపండు లేకుండా పులుపు పుట్టిస్తారు. పొద్దున్నే వెళ్ళి అదే పీపాలోంచి గంజి తెచ్చుకుని పుక్కిలించి, సముద్రపు ఇలస ముక్క తిన్నాను. ఇలస ఇలసలాగే ఉంది. గంజి నిర్దోషి.

తర్వాత తొట్ల దగ్గరికి వెళ్ళి, ఆ వరసలోదే ఒక చేప పరీక్షకి కావాలన్నాను. కామేశం లేడు. అక్కడున్నమ్మాయి ఇచ్చింది. నేనే కోసి, నేనే ఉడికించుకుని తిన్నాను.

ఉతికి ఆరేసిన బట్ట.

ఒకే తొట్టి, ఒకే వరస, ఒకే వంట. నిన్న పులస, ఇవాళ బట్ట. అయితే డైరెక్టర్‌గారు ఏదో చేయించి ఉండాలి అనుకున్నాను. నా నోటిని తప్పుపట్టిన మనిషి ఆవిడే కదా. వరండాలో ఎదురైతే కళ్ళలోకి చూశాను. ఆవిడ నా ఎర్రబడ్డ కళ్ళు చూసి, "పండుకోలేదా రత్నమ్మా? తలకాయ నొప్పా?" అని అడిగారు. అంత మామూలుగా అడిగేసరికి ఇంకా అనుమానం పెరిగింది.

సాయంత్రం భవాని ఫోను చేసింది.

"అక్కా, ఈసారి అవునంటన్నావంట. ఊరంతా అనుకుంటన్నారు."

"ఇంకా ఏం అనలేదే."

"బాయిలో నీళ్ళు ఉప్పెక్కిపోయేయి. పిల్లకి టీ పెడితే ఇరిగిపోయింది. అరిటాకులు అంచులు మాడిపోతన్నాయి. మీవోళ్ళేమో ఉప్పుకి తట్టుకునే అరిటి పిలకలిత్తారంట, కూరక్కీ రాదు, పండుకీ రాదు. నిన్ను అబద్ధమాడమని అడగనక్కా. కానీ నిజంగా బాగుందా?"

బాగుంది అన్నాను. దానికి అబద్ధం చెప్పలేక కాదు, ఆ రుచి గురించి అబద్ధం చెప్పలేక. అది, "సర్లే, నువ్వేటి చేత్తావు," అని పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

పునర్వసు కార్తె, గురువారం

పొద్దున టిఫిన్ దగ్గర గనిరాజు నా పక్కకొచ్చి గుట్టుగా అన్నాడు, "మేడంగారండి, మొన్నటి జన ఇంకోటి ఉంచేనండి ఫ్రిజ్‌లో, పచ్చిదే. ఇయ్యాల ఏపమంటారా? మీరు ఇష్టంగా తిన్నారు కదండి."

"వేపు," అన్నాను. ఇడ్లీ ముక్క తుంచాను. తుంచి ఆగిపోయాను.

"ఏ చేపదయ్యా అది?"

"అదేంటండి, మీ పరీచ్చ చేపదే. కామేశంగారు పొద్దున్నే, గేటు వేపు కాదండి, ఎనక తొట్ల కాలవ దారినొచ్చి గోనెలో చుట్టిన చేపలు తెచ్చిచ్చేరండి. కండ ఉడకబెట్టు, మిగతాది పారెయ్యి అన్నారు. పులస జన పారేత్తే కళ్ళుపోతాయండి! మా అమ్మ బతికుంటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదు."

"తొట్లో చేపకి జన ఉండదు గనిరాజూ."

"టెంక లేని మావిడి చేసినోళ్ళు జనున్న చేప చెయ్యలేరా అనుకున్నానండి," అన్నాడు పాపం, మొహం పాలిపోయి.

ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. ఇన్నేళ్ళుగా గుడ్లు లేని చేపలతో బతికిన కామేశానికి చేప కడుపులో జన ఉంటుందన్న సంగతే మరుపుకొచ్చింది. పొట్ట చీరి చూడకుండా వంటింటికి ఇచ్చేశాడు. వంటింట్లో ఉన్నది గోదావరివాడు. జన పారేసే చెయ్యి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

అది నదిలో చేప. గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడచేప. పులస ఇంకా వస్తోంది. నేను దాని పిల్లల్ని గోంగూర పక్కన పెట్టుకుని, రెండోసారి అడిగి మరీ తిన్నాను.

కామేశం తొట్ల దగ్గరే ఉన్నాడు. నన్ను చూడగానే చేతిలో వల కింద పెట్టాడు. గుమ్మడికాయల దొంగ ఎవరని నేనింకా అడగనేలేదు.

"ఎక్కడ పట్టావు?"

"తలుపుల కిందండి," అన్నాడు. తప్పించుకోవడానికి చూడలేదు. "సందుల్లోంచి కాస్త ఎర్రనీరు కారుతోంది. ఆ కాస్త నీటికే వచ్చేశాయండి. తలుపుకి తలలు ఆనించుకుని నిలబడి ఉన్నాయి. వల కూడా అక్కర్లేదు, బుట్టతో ఎత్తాను."

"సిగ్గు లేదూ?"

"ఉందండి. మూడేళ్ళు మీ మొహంకేసే చూశాను. ముద్ద పెట్టుకోగానే తల అడ్డంగా ఊపుతారు. ఏం తక్కువైందో చెప్పమంటే 'అది కాదు' అంటారు. నేను అసలు పులస తినలేదండి, ఎప్పుడూ. మా నాన్న చెప్పిన మాటలు పట్టుకుని చేశాను ఈ చేపని." కింద పెట్టిన వల మడతపెట్టాడు. "మొన్న గిన్నె అడుగున మిగిలింది వేలితో తీసి నాకాను."

"ఎలా ఉంది?"

"నేను చేసింది చేప కాదని తెలిసింది."

నాకు అతనిమీద జాలి వేసింది. వేసినందుకు నామీద నాకు కోపమొచ్చింది. "అయితే రేపు సభలో చెప్పు," అన్నాను.

"చెప్పలేనండి. ఈ తొట్లమీద నలభై కుటుంబాలు బతుకుతున్నాయి. మీరు చెబితే కాదంటాను. మీకు లంకలో చెల్లెలుంది రత్నంగారూ. మన ఇద్దరిలో ఎవర్ని నమ్ముతారు?"

అది నిజం. సంస్థలో అందరూ నన్నే అనుమానిస్తారు. నేను వాళ్ళని అనుమానించడంలో మునిగి ఆ సంగతి సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు.

గనిరాజు దగ్గరకెళ్ళి ఆ పచ్చి జన తీసుకుని, నా గంజి క్యారేజీ అడుగు గిన్నెలో మంచుముక్కల మధ్య పెట్టుకున్నాను. ఫ్రిజ్‌ని నమ్మలేదు. గనిరాజునీ నమ్మలేదు. ఇంటికి పట్టుకుపోయాను. బయటికి పోయేవాళ్ళని గేటు ముక్కు వాసన చూడదు.

తిన్నవి: ఏమీ లేదు. నాలుక: ఆ రుచి పోవట్లేదు.

పునర్వసు కార్తె, శుక్రవారం

పొద్దున క్యారేజీతో గేటు దాటబోయాను. యంత్రపు ముక్కు ఎర్రలైటు వేసి కూత మొదలెట్టింది. కాపలా అతను పరిగెత్తుకొచ్చాడు. తెర మీద పేరు చూపించాలి కదా, ఏ చేపో, ఏ కాయో. అది మూడుసార్లు వాసన పీల్చి చివరికి "తెలియని సరుకు" అని వేసింది. సంస్థలో పుట్టిన ప్రతి చేపా తెలిసిన ముక్కు అది. దాన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది. ఆ తెరని అలాగే ఆపి ఉంచమని, డైరెక్టర్‌గారు వచ్చి చూస్తారని చెప్పాను.

సభలో అందరూ ఉన్నారు. నగరాల నీటి శాఖవాళ్ళు ముందు వరసలో. తాతని అడిగారు. "పులసే," అన్నాడు.

నన్ను అడిగారు. కామేశం నేలకేసి చూస్తున్నాడు. నేను కాదంటానని అందరూ సిద్ధపడి కూర్చున్నారు, డైరెక్టర్‌గారి పెన్ను కూడా పైకి లేచింది.

"పులసే," అన్నాను. "నాకు తెలిసిన పులసే. ఏం తేడా లేదు."

చప్పట్లు. నీటి శాఖాయన లేచి కరచాలనానికి చెయ్యి చాపాడు. సంతకం పెట్టేశాను. ఇది పులస అని నా చేతులతో రాసి పెట్టాను. తర్వాత క్యారేజీ బల్ల మీద పెట్టి అడుగు గిన్నె తీశాను.

"కానీ ఆడచేపండి. ఇది దాని కడుపులో ఉంది."

హైమవతిగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంగి చూశారు. "ఏంది ఇది?"

"జనండి. గుడ్లు. గనిరాజు తీశాడు, నేను తిన్నాను, ఇది మిగిలింది. గేటు దగ్గర ముక్కుకి కూడా దీని పేరు తెలియలేదు."

ఆవిడ చాలాసేపు గిన్నెలోకే చూశారు. తర్వాత మెల్లగా తలెత్తారు. "మన తొట్లో చేపలకి గుడ్లుండవు కదా. నాలుగు రిపోర్టుల్లో చదివినాను. కామేశం?"

అతను కాదంటాడనుకున్నాను. నోరు తెరిచాడు కూడా. అప్పుడు వీర్రాఘవులు తాత గిన్నె దగ్గరికి జరిగి, ఆ పసుప్పచ్చటి జనని చూసి, కళ్ళకద్దుకున్నట్టు చెయ్యి తాకించి, "వస్తన్నాయా బాబూ ఇంకా?" అని కామేశాన్నే అడిగాడు. చిన్నపిల్లాడు అమ్మ గురించి అడిగినట్టు అడిగాడు.

"వస్తున్నాయి తాతా," అన్నాడు కామేశం. ఏడ్చేశాడు. "తలుపుల కింద ఉన్నాయి. నేను తొమ్మిది పట్టాను. ఇంకా ఉన్నాయి."

నీటి శాఖాయన ఏదో నసిగాడు, సాంకేతికంగా అనీ, ఇంకో కమిటీ అనీ. హైమవతిగారు కొంగు ముక్కు మీంచి తీసేశారు.

"నాకు చేప తెలీదు సార్. చట్టం తెలుసు. పదేండ్లలో నదిలో పులస కనపడితే తలుపులు ఎత్తాల. అది పులసేనని మీ ఎదురుగానే ఇద్దరూ చెప్పినారు, సంతకం కూడా అయింది." నావైపు తిరిగి, "రత్నమ్మా, మీ నాలుకను అనుమానించినా. తప్పు నాదే," అన్నారు.

ఆవిడని నేను అంతకంటే ఎక్కువ అనుమానించానని చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, చదివేవాళ్ళు చెబుతారులే.

పుష్యమి కార్తె, ఆదివారం

తలుపులు ఎత్తారు. కామేశం మీద విచారణ జరుగుతోంది. అయినా వచ్చి గట్టు మీద నా పక్కన నిలబడ్డాడు, నేను పొమ్మనలేదు. ఎర్రనీరు ఒక్కసారిగా విరుచుకుపడింది. నీళ్ళలో వెండి మెరుపులు ఎన్ని పైకెక్కాయో లెక్కపెట్టాలని చూశాం ఇద్దరం. చాలా తక్కువ. తొమ్మిది ఎక్కువుంటే తేడా తెలిసేది.

మధ్యాహ్నం భవాని ఫోను చేసింది. వెనకాల పిల్లల అరుపులు, నీళ్ళ చప్పుడు.

"అక్కోయ్! నీళ్ళొచ్చేసేయి. కాలవంతా ఎర్రగా! అరిటి మొదళ్ళు తడిసేయి. రేపో ఎల్లుండో బాయి కూడా తియ్యబడద్ది." ఊపిరి తీసుకుంది. "అవునే, నిజంగా పులస తిన్నావంట కదా. అమ్మ పులుసులాగే ఉందా?"

"అలాగే ఉంది."

"జన కూడా ఉందంట?"

"ఉంది."

"అది మాత్రం తినలేదు కదా నువ్వు? పిల్లలకి మేమెంత చెబుతన్నామో తెలుసా, ఈసారి జనున్న చేప కాలవలోకొచ్చి చేతికి చిక్కితే మళ్ళీ నీళ్ళలోకి వదిలెయ్యాలని. అక్కా? ఇంటన్నావా?"

నీళ్ళ చప్పుడులో వినపడట్లేదన్నాను.

తిన్నవి: గంజి.